సూరత్ పోంక్: పదును నుంచి నిప్పు దాకా

డిసెంబరులో సూరత్‌లో సర్దార్ వంతెన దిగి అడాజణ్ వైపు వస్తే, పందిళ్ళ కింద పచ్చటి గింజలు రాశులు పోసి ఉంటాయి. వాటి వెనక భట్టీల పొగ, ఆ పొగలోంచి కర్రలతో దబదబా కొడుతున్న చప్పుడు. అక్కడివాళ్ళు ఈ గింజను పోంక్ అంటారు. లేత జొన్న కంకిని నిప్పుల్లో వేడిచేసి, కొట్టి, చెరిగి తీసిన గింజ ఇది. మన పల్లెల్లో ఊచబియ్యం పేరుతో తినేది ఇదే. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి మగ్గాల పని మీద వచ్చి లింబాయత్, ఉధ్నా వాడల్లో స్థిరపడ్డ మనవాళ్ళకు ఇది పరాయి తిండి కాదు. కాకపోతే మన దగ్గర చేను గట్టున కూర్చుని కాల్చుకు తినేదాన్ని సూరత్ వాళ్ళు చలికాలమంతా సాగే వ్యాపారంగా మలుచుకున్నారు.

నిప్పు దగ్గర పని రెండు మూడు నిమిషాలే. దాని వెనక తొంభై రోజుల నీళ్ళ పని ఉంది. గింజ బరువులో సగం దాకా నీరు ఉండగానే కంకి కోస్తారు కాబట్టి, మొక్క ఎప్పుడు తాగింది, ఎప్పుడు ఎండింది అన్న లెక్కంతా చివరికి ఆ గింజలోనే తేలుతుంది. ఎండు జొన్నలో సగం లోపాలు పిండిలో కలిసిపోతాయి. పోంక్‌లో దాగవు. కంకి కోతతో మొదలుపెడితే ఈ పనితనం సగమే కనిపిస్తుంది. నేల దగ్గర మొదలుపెట్టాలి.

సూరత్ చుట్టుపక్కల నేల ఎక్కువగా నల్లరేగడి. ఏడాదికి సుమారు 1200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ తర్వాత చేను బతకాల్సింది రేగడి దాచిపెట్టిన నీటి మీద. మంచి రేగడి, మీటరు లోతులో, మొక్కకు అందే నీటిని 200 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది. ఎకరానికి లెక్కేస్తే ఎనిమిది లక్షల లీటర్లు. రైతు దీన్ని చేత్తో కొలుస్తాడు. జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి నొక్కుతాడు. ముద్ద కట్టి, నడుమెత్తు నుంచి వదిలితే రెండు మూడు పెళ్ళలుగా విరిగితే పదును ఉన్నట్టు. చేతికి జిగటగా అంటుకుంటే ఇంకా ఆరాలి. పొడిపొడిగా రాలితే అదను దాటిపోయినట్టే. తడిగా ఉన్నప్పుడు దున్నితే రేగడి పెళ్ళలు కట్టి, ఆ పెళ్ళల మధ్య సందుల్లోంచే తేమ ఎగిరిపోతుంది. ఆగి చూడడం, ఆగకుండా దిగడం రెండూ తెలిసినవాడికే ఈ నాలుగైదు రోజుల పదును చిక్కుతుంది.

విత్తేది సెప్టెంబరులో, మన మాఘి జొన్న వేసే కాలంలోనే. ఎకరానికి మూడు నాలుగు కిలోల విత్తనం చాలు. విత్తనాన్ని ముందే బెట్టకు అలవాటు చేసే పద్ధతి ఒకటుంది. బెట్ట అంటే నీటి ఎద్దడి. కిలో విత్తనానికి 350 మిల్లీలీటర్ల నీరు తీసుకుని, అందులో 7 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ కరిగించి, ఆరు గంటలు నానబెడతారు. తర్వాత నీడలో పరిచి మునుపటి బరువుకు వచ్చేదాకా ఆరబెడతారు. మొలకెత్తే పని గింజలో మొదలై మధ్యలో ఆగుతుంది. నేలలో పడ్డాక ఆగినచోట నుంచే సాగుతుంది కాబట్టి తక్కువ తేమలోనూ మొలక త్వరగా లేస్తుంది. గొర్రుతో సాలుకీ సాలుకీ 45 సెంటీమీటర్లు, సాలులో మొక్కకీ మొక్కకీ 15 సెంటీమీటర్లు. ఈ లెక్కన ఎకరంలో దాదాపు అరవై వేల మొక్కలు. లోతు రెండంగుళాలు, పైమట్టి ఆరిపోతూ ఉంటే ఇంకో అర అంగుళం కిందికి.

గింజ తన బరువులో మూడో వంతు నీరు పీల్చుకుంటేగాని మొలక కదలదు. పదును సరిపోతే నాలుగైదు రోజుల్లో సాళ్ళు కనబడతాయి. మొదట దిగేది ఒక్క తొలివేరు. దాని మీదే మొక్క రెండు మూడు వారాలు నడుస్తుంది. పంటను మోసే అసలు వేళ్ళు తర్వాత పుడతాయి, కాండం మొదట్లో, మట్టికి అంగుళం లోపల ఉండే కణుపుల చుట్టూ. ఆ అంగుళం మట్టి ఎండిపోయి ఉంటే కొత్త వేరు పొడుచుకొచ్చి అక్కడే మాడిపోతుంది. అడుగు కింద నీరు నిండుగా ఉన్నా ఆ మొక్కకు అందదు. పైకి పచ్చగానే ఉంటుంది, గట్టి గాలి వీస్తే ఒరిగిపోతుంది. బెట్ట చేసే మొదటి నష్టం ఇది. ఆకు చూస్తే తెలియదు, మొదలు పట్టుకుని ఊపితే తెలుస్తుంది. విత్తడం ఆలస్యమైతే దీనికి మొవ్వు ఈగ తోడవుతుంది. లేత మొక్క మొవ్వును దాని పురుగు లోపల తినేస్తే నడిమి ఆకు ఎండి, లాగితే ఊడి చేతికొస్తుంది. అందుకే ఒత్తుగా ఉన్నచోట పీకి పలుచన చేసే పని పదిహేను రోజుల లోపు ఒకేసారి ముగించకుండా, కాస్త ఆగి రెండో విడతలో పూర్తి చేస్తారు.

మూడో వారం నుంచి గుంటక తోలడం. కలుపు కోసం అని అందరూ అనుకుంటారుగానీ, రేగడిలో దాని అసలు పని పగుళ్ళు మూయడం. రేగడి ఆరేకొద్దీ కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. నెర్రె గోడల నుంచి లోతట్టు తేమ కూడా ఆవిరైపోతుంది, అడ్డంగా పోయే వేళ్ళు తెగుతాయి. గుంటక పలుగు రెండంగుళాల పైమట్టిని కదిపి పొడి చేస్తుంది. ఆ పొడి నెర్రెల నోళ్ళలో పడి పూడ్చేస్తుంది, కింది తడికీ పైగాలికీ మధ్య పొరగా నిలుస్తుంది. పది పన్నెండు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు ఇలా తోలితే, ఒక తడి పెట్టినంత మేలు జరిగిందని రైతులు అనడం నిజమే. చుక్క నీరు పోయకుండా నీరు మిగిల్చే పని ఇది. దీనికి దక్కాల్సినంత గౌరవం దక్కదు.

నలభై రోజుల చేను మధ్యాహ్నం ఒంటిగంటకు చూడాలి. ఆకులు అంచుల నుంచి లోపలికి చుట్టుకుని, గొట్టాలై, నిటారుగా నిలబడి ఉంటాయి. ఆకు పైవైపు, ఈనెల పొడవునా, నీటితో ఉబ్బి ఉండే పెద్ద కణాల వరసలు ఉంటాయి. లోపలికి వచ్చే నీటికన్నా బయటికి పోయేది ఎక్కువైతే ఈ కణాలు ముందు సడలి ఆకు ముడుచుకుంటుంది. ఎండ తగిలే మేర తగ్గుతుంది, పొడిగాలి తగిలే మేర తగ్గుతుంది. కాండాన్ని చుట్టి ఉన్న ఆకు తొడుగు మీద బొటనవేలితో రాస్తే తెల్లటి మైనం వేలికి అంటుతుంది. నీటిని చర్మం నుంచి జారనివ్వకుండా జొన్న తనకు తాను పూసుకున్న పూత అది. మొక్కజొన్నకు ఇంత మైనం లేదు. బెట్ట వచ్చినప్పుడు జొన్న ఎదుగుదల ఆపుకుని కూర్చుని, తడి తగలగానే మళ్ళీ లేస్తుంది. మొక్కజొన్నకు ఆ ఓపిక తక్కువ.

ఆకు చుట్టుకోవడానికి చాలా ముందే నష్టం మొదలై ఉంటుంది. నీరు తగ్గగానే మొట్టమొదట ఆగేది ఆకు పెరుగుదల, ఎందుకంటే కణం సాగాలంటే లోపల నీటి ఒత్తిడి ఉండాలి. ఆ తర్వాత, ఎండుతున్న మట్టిలో ఉన్న వేరు అబ్సిసిక్ ఆమ్లం అనే సంకేతాన్ని పైకి పంపుతుంది, ఆకులోని రంధ్రాలు మూసుకుంటాయి. నీరు పోవడం ఆగుతుంది, దానితోపాటు గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి రావడమూ ఆగుతుంది. తిండి తయారీ మందగిస్తుంది. నీరు ఆవిరవుతున్నంతసేపు ఆకు చల్లగా ఉంటుంది, అది ఆగగానే వేడెక్కుతుంది. మధ్యాహ్నం ఆకును అరచేతిలో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. తడి ఉన్న చేనులో ఆకు చల్లగా తగులుతుంది, బెట్టలో ఉన్నది వెచ్చగా తగులుతుంది. కిలో ఎండు పదార్థం తయారు చేసుకోవడానికి జొన్న సుమారు 320 కిలోల నీటిని ఆవిరి చేస్తుందని అమెరికాలో బ్రిగ్స్, శాంట్జ్ అనే ఇద్దరు 1910లలో తూచి మరీ చెప్పారు. రోజుకు 4 మిల్లీమీటర్లు ఖర్చయ్యే దశలో ఎకరం చేను పదహారు వేల లీటర్లు తాగుతుంది. మొక్కకు పావు లీటరు పైచిలుకు.

మధ్యాహ్నం చుట్టుకున్న ఆకును చూసి కంగారు పడనక్కర్లేదు. చూడాల్సింది తెల్లవారుజామున. రాత్రంతా ఎండ లేదు, వేరు నింపుకోవడానికి సమయం దొరికింది. పొద్దున్నే ఆకు విప్పుకుని, కొసన మంచుబొట్టుతో ఉంటే నేలలో ఇంకా నీరుంది. పొద్దున్న కూడా చుట్టుకునే ఉంటే వేళ్ళకు అందే దూరంలో నీరు అయిపోయింది. రేగడి విషయంలో ఇక్కడ ఒక చిత్రం ఉంది. మట్టి బరువులో 20 శాతం దాకా నీరున్నా మొక్క వాడిపోవచ్చు. సన్నని బంకమట్టి రేణువులు ఆ నీటిని గాలి ఒత్తిడికి పదిహేను రెట్ల బలంతో పట్టి ఉంచుతాయి. చేత్తో తాకితే చల్లగా, తడిగానే ఉంటుంది. మొక్కకు మాత్రం దక్కదు.

పరిశోధన క్షేత్రాల్లో ఇదే సంగతిని త్రాసుతో తేలుస్తారు. సూరత్‌లోనే నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రధాన జొన్న పరిశోధన కేంద్రం ఉంది, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. ఇలాంటిచోట్ల ఎవరు చేసినా పరీక్ష ఒకటే. ఆకు ముక్కలు కోసి వెంటనే తూస్తారు, 500 మిల్లీగ్రాములు అనుకుందాం. నాలుగు గంటలు నీటిలో తేలనిచ్చి, పైతడి అద్ది, మళ్ళీ తూస్తారు, 560. తర్వాత 80 డిగ్రీల పొయ్యిలో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి తూస్తారు, 110. ఆకు పట్టగలిగిన నీరు 450, కోసినప్పుడు ఉన్నది 390. అంటే 87 శాతం, మొక్క ఆరోగ్యంగా ఉంది. అదే ఆకు కోసినప్పుడు 420 మాత్రమే తూగితే నిండుదనం 69 శాతానికి పడిపోయినట్టు. ఆ స్థాయిలో కింది ఆకులు కొసల నుంచి ఎండడం మొదలవుతుంది. అది ఊరికే ఎండడం కాదు. మొక్క ఆ ఆకుల్లోని నత్రజనిని లాగి పై ఆకులకు, తర్వాత గింజకు తరలిస్తుంది.

బెట్ట పశువుల మీదికీ వస్తుంది. నీరు లేక గిడసబారిన లేత జొన్నలో, కోసిన మోళ్ళ నుంచి లేచిన పిలకల్లో, ధురిన్ అనే పదార్థం పేరుకుంటుంది. పశువు నమిలినప్పుడు అది విరిగి సైనైడు విషం విడుదలవుతుంది. మన రైతులు నాము తగిలింది అనేది దీన్నే. నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి బెట్ట తగిలిన లేత చేనులోకి గొడ్డును వదలరు, పిలకలు మోకాలెత్తు దాటి బాగా పెరిగేదాకా మేపరు.

ఇక పొట్ట దశ. పోంక్‌కు తలరాత రాసేది ఇదే. కంకి కొమ్మలు, రెమ్మలు, వాటి మీద గింజల స్థానాలు నెల దాటిన నాటి నుంచే కాండం లోపల ఏర్పడుతూ వస్తాయి. యాభై, అరవై రోజుల మధ్య కంకి చివరి ఆకు తొడుగులో ఉబ్బి కనిపిస్తుంది. ఈ పది రోజుల్లో నీరు తప్పితే గింజల సంఖ్యే తగ్గుతుంది, తర్వాత ఎంత నీరు పెట్టినా అది తిరిగి రాదు. కంకి పొట్టలోనే చిక్కుకుని సగమే బయటికి వస్తుంది. పుప్పొడి సత్తువ లేక కంకిలో గింజ పట్టని పొల్లు మిగులుతుంది. అందుకే ఒక్క తడికే నీరు ఉందనుకుంటే రైతు దాన్ని ఇక్కడే ఖర్చు పెడతాడు. 50 మిల్లీమీటర్ల తడి అంటే ఎకరానికి రెండు లక్షల లీటర్లు. నెర్రెలు వెడల్పయ్యేదాకా ఆగితే ఆ నీరు పగుళ్ళలో పడి నేరుగా కిందికి దిగిపోతుంది, సాలు తడవదు. పగులు వేలు దూరేంత కాకముందే నీరు వదులుతారు.

ఈ తడి ఇవ్వడానికి సూరత్ రైతుకు కాలువ ఉంది. తాపీ నది మీద కాక్రాపార్ ఆనకట్ట 1954లో, దాని ఎగువన ఉకాయ్ జలాశయం 1972లో వచ్చాయి. కాలువ నీటితోపాటు చెరకూ వచ్చింది, బార్డోలీ వైపు ఊళ్ళన్నీ చక్కెర మిల్లుల చుట్టూ తిరిగే పంట వేసుకున్నాయి. ఏడాది పొడవునా తాగే చెరకు పక్కన, రేగడి తేమకు తోడు ఒకటి రెండు తడులతో మూడు నెలల్లో చేతికొచ్చే పోంక్ జొన్నను చూస్తే, నీటికి ధర కట్టే పద్ధతి మనం మార్చుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అరవై అయిదు, డెబ్భై రోజులకు పూత. జొన్న కంకి పైనుంచి కిందికి పూస్తుంది. కొసన మొదలై అడుగుకు చేరడానికి వారం పడుతుంది. అంటే ఒకే కంకిలో పై గింజ కింది గింజకన్నా వారం పెద్దది. తర్వాత పాలు పోసుకుంటుంది. వేళ్ళ మధ్య నలిపితే తెల్లటి పాలు చిమ్ముతాయి, తియ్యగా ఉంటాయి. పూత అయిన మూడు, నాలుగు వారాలకు ఆ పాలు చిక్కబడి మెత్తటి ముద్ద అవుతాయి. అప్పటికి గింజకు చేరాల్సిన పిండిపదార్థంలో సుమారు సగం చేరి ఉంటుంది. తీపి ఇంకా మిగిలి ఉంటుంది, పిండి కట్టడం మొదలై ఉంటుంది. పోంక్ అదను ఇదే. నీరు, చలి సరిపోతే ఈ అదను వారం దాకా నిలుస్తుంది.

ఈ దశలో బెట్ట తగిలితే మొక్క గింజను వదలదు, తనను తానే ఖర్చు చేసుకుంటుంది. ఆకు కొత్తగా చక్కెర తయారు చేయలేదు కాబట్టి కాండంలో దాచుకున్నదంతా కంకికి తోడేస్తుంది. కాండం డొల్లబడుతుంది. అదను చూసి నేలలో పొంచి ఉన్న మసికుళ్ళు శిలీంధ్రం వేళ్ళ నుంచి ఎక్కుతుంది. చీల్చి చూస్తే లోపల పీచు విడివడి, నల్లటి సన్న నలుసులతో నిండి ఉంటుంది. చేను ఒక్క గాలికి పడిపోతుంది. నిలబడ్డ మొక్కల్లోనూ గింజ చిన్నదై, పాల దశ నుంచి గట్టి దశకు తొందరపడి పోతుంది. వారం ఉండాల్సిన అదను మూడు రోజులకే ముగుస్తుంది. కొన్ని జొన్నలు నీరు తగ్గినా చివరిదాకా పై ఆకులు పచ్చగా నిలుపుకుంటాయి, అవి పడిపోవు. ఇథియోపియా మూలం ఉన్న బి-35 అనే రకంలోని ఈ గుణాన్ని పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో మన రకాల్లోకి ఎక్కించే పని ఏళ్ళ తరబడి జరిగింది. మహారాష్ట్రలో రాహురీ విశ్వవిద్యాలయం వారు ఊచబియ్యం కోసమే ఫూలే ఉత్తర, ఫూలే మధుర్ రకాలు విడుదల చేశారు. గింజ తియ్యగా ఉండడం, పొట్టు సులువుగా వదలడం వాటి సుగుణం.

కోతకు ముందు గోటి పరీక్ష. కంకి నడిమి భాగం నుంచి గింజ తీసి బొటనవేలి గోరు దించుతారు. పాలు చిమ్మితే రెండు మూడు రోజులు ఆగాలి. గోరు మెత్తగా దిగి, తడి ముద్ద గోటికి అంటి, పాలు కారకపోతే సరైన అదను. గోరు దిగక జారితే గట్టిపడింది, దాన్ని ఎండు జొన్నకు వదిలేస్తారు. నడిమి గింజనే చూడడంలో లెక్క ఉంది. పైవి కాస్త ముదురు, కిందివి కాస్త లేత, నడుమ కుదిరితే కంకిలో ఎక్కువ భాగం కుదిరినట్టే. తెల్లవారుజామున మొక్క నీటితో నిండి ఉన్నప్పుడు, జానెడు కాడతో కోస్తారు. కోసిన కంకిలోనూ తీపి పిండిగా మారడం ఆగదు. అందుకని తడి గోనె కప్పి ఆ పూటే నగరానికి చేరుస్తారు. చేనులో మిగిలిన పచ్చి చొప్ప మంచి మేత. గింజ పూర్తిగా తోడుకోకముందే కోశారు గనుక ఎండిన చొప్పకన్నా సారం ఎక్కువ.

భట్టీ అంటే నేలలో తీసిన వెడల్పాటి గుంట, అందులో నిప్పులు, పైన బూడిద. కణకణలాడే నిప్పు 600 డిగ్రీలు దాటి ఉంటుంది. నేరుగా తగిలితే కంకి మాడిపోతుంది, బూడిద పొర ఆ వేడిని మెత్తబరుస్తుంది. పది పదిహేను కంకులను కాడలు బయటికి ఉండేలా బూడిదలోకి దించి, కాడలు పట్టి తిప్పుతూ ఉంటారు. రెండు మూడు నిమిషాలు. పైపొట్టు కమురుతుంది, లోపల గింజ ఉడుకుతుంది. గింజలో నీరు ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలు దాటదు. జొన్న పిండి ఉడికి జిగురెక్కడానికి 70 నుంచి 78 డిగ్రీలు చాలు. ఆ నీటి రక్షణలోనే గింజ పచ్చగా, మెత్తగా ఉడుకుతుంది. బెట్టలో ముదిరిన కంకి ఇక్కడ దొరికిపోతుంది. దానిలో ఆవిరి కావడానికి తగినంత నీరు లేదు, మూడో నిమిషానికే గింజ గోధుమరంగుకు తిరిగి, గట్టిపడి, పేలాల వాసన వేస్తుంది. చేయి తిరిగినవాడు కాడ పచ్చదనం, కంకి బరువు చూసి అలాంటివి ముందే వేరు చేసి, సగం సేపే ఉంచి తీస్తాడు. గడియారం ఎవరూ చూడరు. చిటపట చప్పుడు తగ్గి సన్నగా ఆవిరి సుయ్‌మన్నప్పుడు తీసేస్తారు.

తీసిన కంకులు చల్లారకూడదు. వేడివేడిగా దళసరి గుడ్డలో చుట్టి, లేదా సంచిలో వేసి, కర్రతో కొడతారు. ఆవిరికి సడలిన పొట్టు తొడుగులు వేడి మీద ఉండగానే వదులుతాయి, ఆరితే మళ్ళీ బిగుసుకుంటాయి. దెబ్బ బలంగా పడితే గింజ నలిగి ముద్దవుతుంది, మెత్తగా పడితే పొట్టు వదలదు. మోచేయి కదలకుండా మణికట్టుతో వేసే దెబ్బ అది. మూట తిప్పుతూ నాలుగు వైపులా కొడతారు, విప్పి చూసి, వదలని కంకులను అరచేతుల మధ్య నలుపుతారు. చేతులు కందిపోతాయి. రోజంతా పొగలో, వేడిలో, మడమల మీద కూర్చుని చేసే పని.

తర్వాత చాట. మొదటి చెరుగుడులో కాలిన పొట్టు, బూడిద పోతాయి. రెండో చెరుగుడులో రెమ్మలు. మూడోసారి చాట కొసకు తేలేవి తాలు గింజలు, పొట్ట దశలోనో పూతలోనో నీరు అందని వాటి గుర్తు. బరువైన గింజ చాట మొదట్లో నిలుస్తుంది. చివరిగా చేత్తో ఏరతారు. పచ్చగా, బొద్దుగా, నొక్కితే సాగి మళ్ళీ కుదురుకునే గింజ మొదటి రకం. ముడతపడినది, పసుపుకు తిరిగినది పక్కకు పోతుంది.

లెక్క ఇక్కడ తేలుతుంది. 1500 గింజలున్న నిండు కంకి నుంచి 50 గ్రాముల పోంక్ వస్తుంది, కిలోకు ఇరవై కంకులు. పొట్ట దశలో బెట్ట తగిలి 750 గింజలే కట్టిన కంకులైతే నలభై కావాలి. నలభై కంకులు కోయాలి, మోయాలి, కాల్చాలి, కొట్టాలి, చెరగాలి. కూలి, నిప్పు రెట్టింపు, దిగుబడి అదే కిలో. ఇటీవలి సీజన్లలో సూరత్‌లో పోంక్ కిలో 400 నుంచి 700 రూపాయల మధ్య పలుకుతోంది. అందులో ఎక్కువ భాగం ఈ చేతుల పనికే. చలి ముదిరి కంకులు బాగా వస్తే ధర దిగుతుంది, అకాల వాన పడి గింజ నల్లబడితే ఎగబాకుతుంది.

అమ్మేటప్పుడు తూచిన పోంక్‌తోపాటు నిమ్మ, మిరియాలు వేసిన సన్న సేవ్, వెల్లుల్లి సేవ్, చిన్న చక్కెర గుండ్లు కట్టి ఇస్తారు. పక్కన మజ్జిగ. వేడి మీద తినాలి, కొన్ని గంటల్లోనే గింజ బిగుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుందిగానీ మెత్తదనం పోతుంది. పక్కకు తీసిన రెండో రకం గింజలు, మధ్యాహ్నానికి బిగిసినవి సాయంత్రం వడల్లోకి పోతాయి. బరకగా రుబ్బి, శనగపిండి, పచ్చిమిర్చి, అల్లం, పచ్చి వెల్లుల్లి కాడలు కలుపుతారు. గింజ ఎంత ఎండి ఉంటే అంత నీరు చిలకరించి పావుగంట నానబెట్టి, 170 డిగ్రీల నూనెలో నాలుగు నిమిషాలు వేయిస్తారు.